దూరపు సర్వర్‌లో టేబుల్ మార్చడానికి ట్రిగ్గర్ సరిపోతుందా? ఉన్న దారుల పోలిక

మిర్యాలగూడలో వరి కోతల రోజుల్లో రైస్ మిల్లు కాటా దగ్గర ఒక్క ట్రాక్టర్ ఆగితే, దాని వెనుక రోడ్డు దాకా బండ్లు ఆగిపోతాయి. కొన్నేళ్ల క్రితం ఒక మిల్లులో అలాగే ఆగాయి. కాటా చీటీ రావడం లేదని గుమాస్తా ఫోను చేశాడు. కాటా బాగానే ఉంది, కంప్యూటర్ బాగానే ఉంది, మిల్లులోని సర్వర్ కూడా బాగానే ఉంది. తెగింది హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లే ఇంటర్నెట్ లింకు. చీటీల టేబుల్ మీద నేను రాసిన ట్రిగ్గర్ (టేబుల్‌లో మార్పు జరగగానే దానంతట అదే నడిచే కోడ్) ఒకటి ఉండేది. ఇక్కడ పడిన ప్రతి చీటీని వెంటనే హైదరాబాద్ సర్వర్‌లోని టేబుల్‌లోనూ చేర్చడం దాని పని. అక్కడ చేర్చలేకపోయేసరికి ఇక్కడి చీటీని కూడా రద్దు చేసింది. ట్రిగ్గర్‌ను ఆపించేదాకా ధాన్యం తెచ్చిన రైతులు ఎండలోనే నిలబడ్డారు.

ఆ ట్రిగ్గర్‌లో తప్పేమీ లేదు. చెప్పిన పని చెప్పినట్టే చేసింది. పొరపాటు దారిని ఎంచుకోవడంలో జరిగింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చిన్న సంస్థలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే మిత్రులు ఇప్పటికీ ఇదే ప్రశ్న అడుగుతుంటారు కాబట్టి, ఉన్న దారులన్నిటినీ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇది: రెండు సర్వర్ల మధ్య లింకు తెగినప్పుడు ఎవరి పని ఆగాలి? “ఇక్కడి పని ఆగకూడదు” అన్నది మీ జవాబైతే కొన్ని దారులు అక్కడే మూసుకుపోతాయి. “రెండు చోట్లా పడితేనే పడాలి, లేకుంటే ఎక్కడా పడకూడదు” అన్నది జవాబైతే మిగిలినవి మూసుకుపోతాయి. రెండూ ఒకేసారి కావాలని అడిగే యజమానులు చాలామంది. లింకు తెగి ఉన్నంతసేపు ఆ రెండూ కలిసి దొరకవు, ఎంత ఖరీదైన డేటాబేస్ కొన్నా దొరకవు. మన వైపు లింకు తెగడం అరుదైన విషయమూ కాదు. రోడ్డు తవ్వితే కేబుల్ తెగుతుంది, పిడుగుల వానకు స్విచ్ కాలిపోతుంది, కరెంటు పోతే టవర్ సిగ్నల్ పడిపోతుంది. అందుకే ఒక్క అక్షరం కోడ్ రాయకముందే యజమానితో కూర్చుని ఈ జవాబు రాయించుకోండి.

తరువాత ఆలస్యం. హైదరాబాద్‌లో ఆ లెక్క ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు? “వెంటనే కావాలి” అన్నవాళ్లను కాస్త తరచి అడిగితే, చాలాసార్లు సాయంత్రం ఆరింటికి చూస్తారని తేలుతుంది.

కొత్త రికార్డులు మాత్రమే వెళ్లాలా, దిద్దుబాట్లూ తొలగింపులూ కూడా వెళ్లాలా అన్నది మూడోది. చాలామంది దీన్ని మరిచిపోతారు.

నాలుగోది నెట్‌వర్క్‌కు సంబంధించినది: కనెక్షన్‌ను ఎటువైపు నుంచి మొదలుపెట్టగలం? మొబైల్ డేటా మీదో మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీదో నడిచే బ్రాంచికి తరచుగా బయటి ప్రపంచానికి కనిపించే సొంత ఐపీ చిరునామా ఉండదు. బ్రాంచి నుంచి హైదరాబాద్‌ను పిలవవచ్చు కానీ హైదరాబాద్ నుంచి బ్రాంచిని పిలవలేం. ఈ ఒక్క కారణంతోనే కొన్ని పద్ధతులు కాగితం మీదే ఆగిపోతాయి.

ఇక చివరిది, రాత్రి పదింటికి ఏదైనా చెడితే సరిచేసేది ఎవరు?

## ఒక్క చూపులో

| దారి | లింకు తెగితే ఇక్కడి పని | ఆలస్యం | తొలగింపులు వెళ్తాయా | నిర్వహణ భారం |
|---|---|---|---|---|
| ట్రిగ్గర్ నుంచి నేరుగా దూరపు టేబుల్‌కు | ఆగిపోతుంది | లేదు | వెళ్తాయి | చూడటానికి తక్కువ, చెడితే చాలా ఎక్కువ |
| ట్రిగ్గర్ నుంచి ఇక్కడి క్యూ టేబుల్‌కు, అక్కడి నుంచి పంపే ప్రోగ్రామ్ | ఆగదు | సెకన్ల నుంచి నిమిషాల దాకా | వెళ్తాయి | మధ్యస్థం |
| డేటాబేస్‌లోనే ఉన్న రెప్లికేషన్ (అవతల నకలు ఉంచే ఏర్పాటు) | ఆగదు, కానీ లాగ్ (మార్పుల చిట్టా) పేరుకుంటుంది | సెకన్లు | వెళ్తాయి | మొదట్లో ఎక్కువ |
| నిర్ణీత వేళలకు మారినవి తెచ్చుకోవడం | ఆగదు | గంటలు | మామూలుగా వెళ్లవు | తక్కువ |

## నేరుగా రాసే ట్రిగ్గర్

ట్రిగ్గర్ తనను లేపిన ఇన్సర్ట్ (చేర్చడం) లేదా అప్‌డేట్ (మార్చడం) జరిగే ట్రాన్సాక్షన్‌లోనే (నిలిస్తే అన్నీ నిలిచి, పోతే అన్నీ పోయే మార్పుల కట్టలోనే) నడుస్తుంది. అంటే దూరపు సర్వర్ జవాబు చెప్పేదాకా ఇక్కడి రికార్డు ఖాయం కాదు, దాని మీద పడిన తాళాలు విడవవు. ఈ దారిలోని కష్టాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లింక్డ్ సర్వర్ (దూరపు సర్వర్‌కు పెట్టుకునే దారి) పెట్టుకుని ట్రిగ్గర్ నుంచి రాస్తే, మామూలు ట్రాన్సాక్షన్ కాస్తా రెండు సర్వర్ల మీదా సాగే డిస్ట్రిబ్యూటెడ్ ట్రాన్సాక్షన్ అవుతుంది. రెండు యంత్రాల మీదా అలాంటి ట్రాన్సాక్షన్లను చూసుకునే ఎంఎస్‌డీటీసీ సర్వీసు నడవాలి, ఫైర్‌వాల్‌లో 135వ పోర్టుతో పాటు మరికొన్ని మారే పోర్టులూ తెరవాలి. లేదంటే 7391 నంబరు ఎరర్ పలకరిస్తుంది. ట్రిగ్గర్‌లో ట్రై-క్యాచ్ (తప్పును పట్టుకునే కోడ్) పెడితే తప్పును మింగేసి ఇక్కడి రికార్డునైనా నిలబెట్టవచ్చని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ట్రిగ్గర్ లోపల ఎక్సాక్ట్-అబార్ట్ అనే సెట్టింగ్ (తప్పు రాగానే ట్రాన్సాక్షన్ మొత్తాన్ని రద్దు చేసేది) ముందే ఆన్‌లో ఉంటుంది. అందుకే క్యాచ్‌లోకి వచ్చేసరికే ఆ ట్రాన్సాక్షన్ ఖాయం చేయడానికి పనికిరాకుండా పోయి ఉంటుంది. ఆ సెట్టింగ్ ఆఫ్ చేద్దామంటే, లింక్డ్ సర్వర్ ద్వారా మార్పులు చేయడానికి సాధారణంగా అది ఆన్‌లో ఉండి తీరాలి. ఈ ముడి విప్పబోయి రోజులు పోగొట్టుకోకండి.

పోస్ట్‌గ్రెస్‌లో రెండు పనిముట్లున్నాయి, వాటి తీరు వేరు. డీబీలింక్ వేరే కనెక్షన్ మీద పని చేస్తుంది. మీరు ప్రత్యేకంగా ట్రాన్సాక్షన్ తెరవకపోతే అక్కడ రాసింది అప్పటికప్పుడే ఖాయమవుతుంది. తరువాత ఇక్కడ రోల్‌బ్యాక్ (రద్దు) అయితే, ఇక్కడ లేని చీటీ అక్కడ మిగులుతుంది. రెండోది పోస్ట్‌గ్రెస్-ఎఫ్‌డీడబ్ల్యూ, ఇక్కడి కమిట్‌తో (ఖాయం చేయడంతో) పాటే అక్కడా కమిట్ చేస్తుంది. అయితే రెండు దశల కమిట్ (ముందు రెండు చోట్లా సిద్ధమని చెప్పించుకుని, ఆ తరువాత ఖాయం చేయడం) ఇందులో లేదు. అక్కడ కమిట్ అయ్యాక ఇక్కడ చివరి క్షణంలో ఏదైనా విఫలమైతే తేడా మిగిలిపోయే సందు చిన్నదే అయినా ఉంది.

మైఎస్‌క్యూఎల్‌లో ఇందుకు ఫెడరేటెడ్ ఇంజిన్ ఒకటి ఉంది. అది మొదట ఆఫ్‌లో ఉంటుంది, ట్రాన్సాక్షన్లను పట్టించుకోదు. డబ్బు లెక్కలకు దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను. ఒరాకిల్‌లో డేటాబేస్ లింకు ద్వారా రాస్తే రెండు దశల కమిట్ దానంతట అదే జరుగుతుంది, ఈ విషయంలో నాలుగింటిలోనూ అదే మెరుగు. కానీ సరిగ్గా కమిట్ మధ్యలో లింకు తెగితే ఆ ట్రాన్సాక్షన్ ఎటూ తేలక వేలాడుతుంది, లింకు తిరిగి వచ్చి అలా వేలాడేవాటిని సరిచేసే రెకో ప్రాసెస్ తేల్చేదాకా ఆ రికార్డుల మీద తాళం ఉండిపోవచ్చు.

వేగం సంగతీ చూడాలి. రికార్డుకొకసారి లేచే ట్రిగ్గర్, రానూపోనూ 30 మిల్లీసెకన్లు పట్టే లింకు ఉన్నాయనుకుందాం. ధర మారిందని ఒకేసారి 500 రికార్డులు మార్చితే 15 సెకన్లు టేబుల్ బిగుసుకుపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ లేచేది స్టేట్‌మెంట్‌కు ఒకసారే. మారిన రికార్డులన్నీ ఇన్సర్టెడ్, డిలీటెడ్ అనే రెండు టేబుళ్లలో ఉంటాయి. ఒకే రికార్డు ఉంటుందనుకుని వేరియబుల్‌లోకి తీసుకుంటే 499 చీటీలు చడీచప్పుడు లేకుండా తప్పిపోతాయి.

మరి ఈ దారి ఎవరికి? రెండు సర్వర్లూ ఒకే కప్పు కింద, ఒకే యూపీఎస్ మీద, ఒకే స్విచ్‌కు తగిలించి ఉండి, రెండు చోట్లా లెక్క క్షణం కూడా తేడా రాకూడదన్న వాళ్లకు. పల్లెలోని మిల్లుకూ హైదరాబాద్ ఆఫీసుకూ మధ్య దీన్ని పెట్టవద్దు.

## క్యూ టేబుల్: నేను ఎక్కువసార్లు ఎంచుకునేది

దీనిలో ట్రిగ్గర్ ఉంటుంది, కానీ అది ఊరు దాటదు. చీటీ పడగానే అదే డేటాబేస్‌లోని మరో టేబుల్‌లో “ఫలానా చీటీ మారింది, పంపాలి” అని ఒక రికార్డు రాసి ఊరుకుంటుంది. చీటీ, ఈ రికార్డు ఒకే ట్రాన్సాక్షన్‌లో ఉంటాయి కాబట్టి పడితే రెండూ పడతాయి, పోతే రెండూ పోతాయి. వేరే ప్రోగ్రామ్ ఒకటి నిమిషానికోసారి లేచి, పంపనివి ఏరి, హైదరాబాద్‌కు చేరవేసి, చేరినట్టు జవాబు వచ్చాకే “పంపాను” అని గుర్తు పెడుతుంది. లింకు తెగితే క్యూ పెరుగుతుంది, అంతే. కాటా నడుస్తూనే ఉంటుంది.

కనెక్షన్ బ్రాంచి నుంచే మొదలవుతుంది కాబట్టి సొంత ఐపీ చిరునామా లేకున్నా పని జరుగుతుంది. ఇది మన వైపు చిన్న సంస్థలకు చాలా పెద్ద వెసులుబాటు.

దీన్ని సరిగా కట్టడానికి కొన్ని జాగ్రత్తలు కావాలి. ఇవి వదిలేస్తే క్యూ టేబుల్ కూడా మోసం చేస్తుంది.

మొదటిది, ఒకే చీటీ రెండుసార్లు చేరినా అక్కడ ఒకటే ఉండాలి. చీటీ హైదరాబాద్ చేరింది, “చేరింది” అన్న జవాబు వచ్చేలోపు లింకు తెగింది. ప్రోగ్రామ్ మళ్లీ పంపుతుంది, పంపాలి కూడా. అందుకే అవతల వట్టి ఇన్సర్ట్ వాడకూడదు. ఉంటే మార్చు, లేకుంటే చేర్చు అన్న రకం వాక్యం వాడాలి: మైఎస్‌క్యూఎల్‌లో ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్, పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి ఉన్న ఆన్ కాన్‌ఫ్లిక్ట్. ఇది పని చేయాలంటే అన్ని బ్రాంచీల మధ్యా కలవని కీ (రికార్డును గుర్తుపట్టే విలువ) ఉండాలి. మిర్యాలగూడలోనూ హుజూర్‌నగర్‌లోనూ 1001వ చీటీ ఉంటుంది, బ్రాంచి కోడ్, చీటీ నంబరు కలిపి కీ చేయండి.

రెండోది కాస్త సూక్ష్మమైనది, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. “చివరగా 500 దాకా పంపాను, ఇక 501 నుంచి” అని వరుస సంఖ్య గుర్తుంచుకునే పద్ధతి చక్కగా కనిపిస్తుంది. కానీ డేటాబేస్ సంఖ్యను ఇచ్చేది రాసేటప్పుడు, రికార్డు బయటికి కనిపించేది కమిట్ అయ్యాక. 501 తీసుకున్న ట్రాన్సాక్షన్ ఇంకా నడుస్తుండగానే 502 తీసుకున్నది ముందు కమిట్ అయితే, పంపే ప్రోగ్రామ్ 502 పంపి “502 దాకా అయింది” అనుకుంటుంది. కాసేపటికి కనిపించే 501 ఎప్పటికీ వెళ్లదు. నెలాఖరులో ఒక చీటీ తేడా వస్తే కారణం ఇదని ఊహించడం కూడా కష్టం. కాబట్టి సంఖ్య మీద ఆధారపడకుండా ప్రతి రికార్డుకూ పంపిన గుర్తు పెట్టండి. గుర్తు లేనివన్నీ పంపండి.

మూడోది, క్యూలో ఏం రాయాలి? కీ మాత్రమే రాస్తే, పంపే సమయానికి ఉన్న తాజా రికార్డును చదివి పంపవచ్చు. ఒక ధర పదిసార్లు మారినా చివరిది వెళ్తే చాలనుకునే టేబుళ్లకు ఇది తేలిక. కానీ మధ్యలో ఏం మారిందన్న చరిత్ర పోతుంది. రికార్డు మొత్తం రాస్తే టేబుల్ బరువెక్కుతుంది, మార్పులు జరిగిన వరుస మాత్రం నిలుస్తుంది. రైతుల పేర్లు, ధాన్యం రకాలు, ధరల వంటి వాటికి కీ మాత్రం రాస్తాను. కాటా చీటీలకు, చెల్లింపులకు మొత్తం రికార్డు రాస్తాను, ఎందుకంటే బరువు దిద్దితే పాత బరువు ఎంతో ఎవరైనా అడుగుతారు.

పంపే ప్రోగ్రామ్‌ను లేపడం ఎలా? ఉచితంగా దొరికే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (వేళకు పనులు నడిపేది) ఉండదు, చిన్న సంస్థల్లో ఎక్కువగా ఉండేది ఆ ఎడిషనే. విండోస్ టాస్క్ షెడ్యూలర్ చాలు. లినక్స్‌లో క్రాన్ ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో నోటిఫై వాడితే కమిట్ అయిన వెంటనే ప్రోగ్రామ్‌కు కబురు అందుతుంది, అయినా నిమిషానికోసారి చూడటం మానకండి, ఎందుకంటే ప్రోగ్రామ్ ఆగి ఉన్నప్పుడు వచ్చిన కబురు మళ్లీ రాదు.

ట్రిగ్గర్ లేవని సందర్భాలూ గుర్తుంచుకోవాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ కాస్కేడ్ వల్ల (అసలు రికార్డు తీసేస్తే దాన్ని ఆనుకుని ఉన్నవీ పోవడం వల్ల) పోయిన రికార్డులకు ట్రిగ్గర్ లేవదని చాలాకాలంగా తెలిసినదే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ ఇన్సర్ట్ ప్రత్యేకంగా చెబితే తప్ప ట్రిగ్గర్‌ను లేపదు. ట్రంకేట్‌తో టేబుల్ మొత్తం ఖాళీ చేస్తే డిలీట్ ట్రిగ్గర్ లేవదు.

## రెప్లికేషన్

టేబుల్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు అవతల చూడాలంటే ట్రిగ్గరే అక్కరలేదు. డేటాబేస్ తన లాగ్ నుంచి మార్పులను తీసి పంపుతుంది, అసలు ట్రాన్సాక్షన్ మీద దాదాపు భారం పడదు, మీ కోడ్‌లో తప్పులకు చోటూ తక్కువ. మైఎస్‌క్యూఎల్‌లో ఇది ఎప్పటి నుంచో ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎంచుకున్న టేబుళ్లకే పరిమితమయ్యే లాజికల్ రెప్లికేషన్ 2017లో వచ్చిన పదో వెర్షన్ నుంచి ఉంది.

అయితే మన పరిస్థితికి ఇక్కడ రెండు అడ్డంకులు. పోస్ట్‌గ్రెస్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో అందుకునే సర్వరే పంపే సర్వర్‌ను పిలుస్తుంది. అంటే హైదరాబాద్ నుంచి మిర్యాలగూడకు కనెక్షన్ రావాలి. బ్రాంచి నుంచి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ సొరంగం తెరిస్తేనే అది కుదురుతుంది. దాని బదులు 3306, 5432 పోర్టులను ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ విషయంలో అడ్డంకి మరోలా ఉంటుంది, అది అందుకోగలదు కానీ పంపలేదు. బ్రాంచిలో ఎక్స్‌ప్రెస్ ఉంటే ఈ దారి లేనట్టే.

లింకు చాలాకాలం తెగితే ఏమవుతుందో కూడా చూడాలి. పోస్ట్‌గ్రెస్‌లో అవతలి వాళ్లు అందుకోనంతసేపు రెప్లికేషన్ స్లాట్ (ఎంతదాకా పంపామో గుర్తుంచుకునేది) లాగ్‌ను పట్టి ఉంచుతుంది, చివరికి బ్రాంచి డిస్క్ నిండి సర్వర్ ఆగిపోవచ్చు. 13వ వెర్షన్ నుంచి దీనికి హద్దు పెట్టే సెట్టింగ్ ఉంది, తప్పక పెట్టండి. హద్దు దాటితే స్లాట్ పోయి మొదటి నుంచి కాపీ చేయాలి, అయినా మిల్లు ఆగడం కంటే అదే నయం. ఎస్‌క్యూఎల్ సర్వర్ ట్రాన్సాక్షనల్ రెప్లికేషన్‌లో అవతలికి చేరని మార్పులను ఉంచే డీఫాల్ట్ గడువు 72 గంటలు. దసరాకు ఆఫీసు మూసి, అందుకునే సర్వర్‌ను ఆపి నాలుగు రోజులకు వస్తే మళ్లీ మొదటి నుంచి కాపీ చేయవలసి రావచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌కు కొత్త కాలమ్ చేర్చినా అది దానంతట అది అవతలికి వెళ్లదు, రెండు చోట్లా మీరే చేర్చాలి.

సొంతంగా సర్వర్లను చూసుకునే మనిషి ఉండి, అవతల రిపోర్టుల కోసం పూర్తి నకలు కావలసిన ఆసుపత్రులకు, పెద్ద మిల్లులకు ఇది మేలైన దారి. లాగ్ నుంచి మార్పులను చదివి కాఫ్కా అనే సందేశాల వ్యవస్థకు పంపే డెబీజియమ్ వంటివి కూడా ఈ కోవలోనివే, కానీ రెండు మూడు బ్రాంచీలకు అంత సరంజామా పెట్టడం నా దృష్టిలో వృథా ఖర్చు.

## నిర్ణీత వేళకు తెచ్చుకోవడం

ప్రతి టేబుల్‌లోనూ “చివరగా మారిన సమయం” అనే కాలమ్ పెట్టి, గంటకోసారో రాత్రికోసారో కొత్తవి తీసి పంపడం. ట్రిగ్గర్ అవసరం లేదు, అర్థం చేసుకోవడం సులభం. తొలగించిన రికార్డుకు సమయం ఉండదు కాబట్టి తొలగింపు వెళ్లదు. నిజంగా తీసేయకుండా “రద్దు” అని గుర్తు పెట్టే అలవాటు చేస్తే ఆ లోటు తీరుతుంది. ప్రతిసారీ కొంచెం వెనక్కి, అంటే గత పావుగంటను మళ్లీ కలుపుకుని తీయండి, అప్పటికి కమిట్ కానివి తప్పిపోకుండా.

నల్లగొండలోని ఒక కాలేజీకి ఫీజుల లెక్క ఇలాగే చేశాను. రాత్రి 11 గంటలకు ఒకసారి వెళ్తుంది. ట్రస్టు ఆఫీసు వాళ్లు చూసేది మరునాడు పొద్దున. అంతకుమించి కట్టడానికి కారణం కనిపించలేదు.

## మీది ఏ పరిస్థితి?

ఒకటి రెండు కాటాలున్న మిల్లు, బత్తాయి వ్యాపారి, మూడు నాలుగు మందుల దుకాణాలు నడిపే కుటుంబం: క్యూ టేబుల్ పెట్టండి. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య రెండు శాఖలున్న ఆసుపత్రి, అందులో ఐటీ మనిషి ఉంటే: రెప్లికేషన్, వీపీఎన్ మీద.

ఒక రకం అవసరం మాత్రం ఈ నాలుగింటిలో దేనికీ చెందదు. గద్వాల చీరల దుకాణానికి రెండు ఊళ్లలో కౌంటర్లున్నాయి, గోదాములో మిగిలిన ఒక్క చీరను రెండు చోట్లా చూపిస్తున్నారు. అమ్మకం అయ్యాక ట్రిగ్గర్ ఎంత వేగంగా చెప్పినా రెండోవాడు అప్పటికే డబ్బు తీసుకుని ఉండవచ్చు. ఇక్కడ కావలసింది అయిన సంగతి చెప్పడం కాదు, కాకముందు అడగడం. బిల్లు వేసే ప్రోగ్రామే నేరుగా కేంద్ర సర్వర్‌ను అడిగి, ఆ చీరను పక్కన పెట్టించుకుని, ఆ తరువాత అమ్మాలి. లింకు లేకపోతే ఆ ఒక్క చీర అమ్మకం ఆగుతుంది, కొట్లో చేతిలో ఉన్న సరుకు అమ్మకం సాగుతుంది.

## పెట్టాక చేయవలసిన పరీక్ష

వానాకాలం కోతలు మొదలయ్యే ముందే, సెప్టెంబరులో తీరిక ఉన్న ఒక మధ్యాహ్నం, బ్రాంచి సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. యాభై చీటీలు వేయండి, ఐదు దిద్దండి, రెండు రద్దు చేయండి. మధ్యలో ఒకసారి సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. గంట తరువాత కేబుల్ పెట్టి రెండు వైపులా చీటీల సంఖ్య, మొత్తం బరువు పోల్చండి.

అదే పోలికను ప్రతి రాత్రి దానంతట అదే జరిగేలా పెట్టండి. క్యూలో పంపని అన్నిటికంటే పాత చీటీ వయసు అరగంట దాటినా, రాత్రి లెక్కలో తేడా వచ్చినా మీ ఫోనుకు మెసేజ్ రావాలి. తేడా ఏ చీటీ నంబరుదో కూడా అందులోనే ఉండాలి. గుమాస్తా దగ్గర కాగితం ప్రతి ఉంటుంది కాబట్టి, పొద్దున మొదటి ట్రాక్టర్ కాటా ఎక్కేలోపే సరిచూసుకోవచ్చు.